వానల్లో కంపోస్టు తొట్టెల దుర్వాసన

ప్రశ్న: మాది నలభై ఇళ్ల అపార్ట్‌మెంటు. వేసవిలో మా సంఘం వెనక ప్రహరీ పక్కన మూడు కంపోస్టు తొట్టెలు పెట్టించింది. వానలు మొదలైనప్పటి నుంచి కుళ్లు వాసన వస్తోంది, తెల్లని పురుగులు కూడా కనిపిస్తున్నాయి. కింది అంతస్తు వారు తొట్టెలు తీసేయాలని పట్టుబడుతున్నారు. ఏం చేయాలి? మిగిలిన అన్నం, మాంసం ఎముకలు వాటిలో వేయవచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: తొట్టెలు తీసేయనవసరం లేదు. తడి ఎక్కువై లోపలికి గాలి ఆడకపోవడమే వాసనకు, పురుగులకు కూడా కారణం. కూరగాయల తొక్కుల్లో నీరు, నత్రజని ఎక్కువగా ఉంటాయి, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. నత్రజని ఒక పాలుకు కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండి, గాలి కూడా అందుతుంటే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసి కుప్ప నడిభాగాన్ని 55 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కిస్తాయి. గాలి అందనప్పుడు గాలితో పని లేని సూక్ష్మజీవులు పెరుగుతాయి, దుర్వాసన వాటి వల్లనే వస్తుంది.

ముందుగా తొట్టెలకు వాన పడకుండా రేకు వేయించి, అడుగున నీరు దిగే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఉన్న చెత్తను బయటికి తీసి, ఎండుటాకులు కలిపి, గుల్లగా తిరిగి నింపండి. ఇకపై బకెట్ తడి చెత్త పడిన ప్రతిసారీ రెండు బకెట్ల ఎండు సరుకు పడాలి. లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండినప్పుడు నీరు కారితే తడి ఎక్కువైనట్టు, వేళ్ల మధ్య చెమ్మ మాత్రమే తగిలి ముద్ద నిలిస్తే సరిపోయినట్టు. ఇనుప చువ్వను నడిమధ్యకు గుచ్చి కాసేపాగి తీస్తే, అది వేడిగా తగలాలి.

అసలు లోటు ఆకుల దగ్గరే వస్తోంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన వీధుల్లోని కానుగ, వేప చెట్లు ఆకు రాలుస్తాయి. చాలా కాలనీల్లో దాన్ని ఊడ్చి అక్కడే తగలబెడుతుంటారు, వానాకాలంలో మీ తొట్టెలకు కావలసిన సరుకంతా అలా పొగైపోవడం చూస్తే బాధ కలుగుతుంది. వచ్చే ఏడాది ఆ ఆకును గోనె సంచుల్లో నింపి తడవని చోట దాచండి. ప్రస్తుతానికి నర్సరీల్లో దొరికే కొబ్బరి పొట్టు గానీ, కట్టెకోత మిల్లులోని రంపపు పొట్టు గానీ వాడవచ్చు. ప్లైవుడ్ పొట్టులో జిగురు ఉంటుంది కనుక అది వద్దు.

ఆ పురుగులు సాధారణంగా బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. అవి కుట్టవు, చెత్తను వేగంగా తినేస్తాయి, తడి తగ్గితే వాటంతటవే తగ్గుతాయి. ఈ మాట కింది అంతస్తు వారికి చెప్పండి, అయితే వాసన తగ్గించిన తరువాతే చెప్పండి, ఎందుకంటే రోజూ కిటికీ మూసుకుని కూర్చునేది వారు.

కుప్పను వారానికోసారి తిరగవేసే పనిని వాచ్‌మన్ కుటుంబంపై ఉచితంగా మోపడం అన్యాయం. దానికి వేరుగా జీతం, చేతి తొడుగులు ఇవ్వాలి. మన తడి చెత్త జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా వెళ్లి మీథేన్‌గా మారకుండా ఆపుతున్న పని అది.

మిగిలిన అన్నాన్ని నీరు వార్చి, కొద్దికొద్దిగా ఆకులతో కలిపి వేయవచ్చు. మాంసం, చేపలు, ఎముకలు ఎలుకలను రప్పిస్తాయి కాబట్టి వాటిని చెత్త బండికే ఇవ్వండి.