పొడి చర్మానికి ఎయిర్‌బ్రష్ మేకప్ మంచిదా, మామూలు మేకప్ మంచిదా?

మూడు వారాల్లో పెళ్లి, ముఖం బాగా పొడిబారుతుంది, బుగ్గల మీద పాత మొటిమల మచ్చలున్నాయి, అందరూ ఎయిర్‌బ్రష్ చేయించుకోమంటున్నారు, మామూలు మేకప్ సరిపోదా అని అడిగారు. మీరు చెప్పిన చర్మానికైతే నేను మామూలు మేకప్పే చేయించుకోమంటాను. నాదీ అచ్చం అలాంటి చర్మమే. నా పెళ్లికి ఎయిర్‌బ్రష్ చేయించుకున్నాను.

మొదటి రెండు గంటలు నిజంగా చాలా బాగుంది. చిన్న కంప్రెసర్‌కి పెన్నులాంటి గన్ను తగిలించి ఉంటుంది. అందులో పల్చటి ఫౌండేషన్ కొన్ని చుక్కలు పోస్తే సన్నటి తుంపరలా ముఖం మీద పడుతుంది. చల్లటి గాలి తగిలినట్టు ఉంటుందే తప్ప ఏదో పూశారన్న బరువు తెలియదు. మూడో గంటకి ముక్కు పక్కన, నోటి చుట్టూ పొట్టు తేలడం మొదలైంది. అంతలో అమ్మను పట్టుకుని ఏడ్చేశాను. కన్నీళ్లు జారిన చోట చారలు పడ్డాయి. టిష్యూతో మెల్లగా అద్దాల్సింది, కంగారులో తుడిచేశాను. ఎడమ బుగ్గ మీద బేస్, అంటే ఆ ఫౌండేషన్, పొరలా ఊడి వచ్చింది. ఆర్టిస్ట్ అప్పటికే వెళ్లిపోయింది. అక్క తన ఫౌండేషన్ తీసి వేలితో సర్దబోతే చుట్టూ ఉన్నది కూడా లేచిపోయి మరకలా తయారైంది. ఆల్బమ్ తెరిస్తే నా కళ్లు ఇప్పటికీ ముందు ఆ బుగ్గ మీదకే పోతాయి.

అలాగని ఎయిర్‌బ్రష్ చెడ్డదని అనను. రెండేళ్ల తర్వాత చెల్లి పెళ్లికి అదే చేయించాం. దానిది జిడ్డు చర్మం, పైగా ఎండాకాలం. సిలికాన్ బేస్ వేశారు. చెమటకి కదల్లేదు. ముక్కు మీద జిడ్డు తేలినప్పుడల్లా బ్లాటింగ్ పేపర్ అద్దుకుంది, అంతే, ఎనిమిది గంటలు అలాగే నిలిచింది. అంటే తేడా చర్మంలోనూ, వేసే చేతిలోనూ ఉంది. మెషిన్ ఉంటే చాలనుకోవద్దు.

ఎయిర్‌బ్రష్ ఫౌండేషన్ అంతా ఒకటే రకం కాదని కూడా నాకు అప్పుడే తెలిసింది. నీటితో చేసినవి తేలికగా ఉంటాయి, కానీ తడికి త్వరగా చెదురుతాయి. సిలికాన్‌తో చేసినవి నీటికి, చెమటకి బాగా ఆగుతాయి. ఆల్కహాల్‌తో చేసినవి అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంటాయి గానీ చర్మాన్ని ఇంకా ఎండగొడతాయి, మీరు వాటి జోలికి పోకండి. కింద రాసే ప్రైమర్ కూడా పైన వేసే ఫౌండేషన్‌కి సరిపడాలి. సిలికాన్ ప్రైమర్ మీద నీటి ఫౌండేషన్ వేస్తే సరిగ్గా అతుక్కోక విడిపోతుంది. మీ ఆర్టిస్ట్‌ని ‘ఏ బేస్ వాడతారు, కింద ఏం రాస్తారు’ అని అడగండి. ఆ ప్రశ్నకి తడుముకునే వాళ్లయితే నేను ఒప్పుకోను.

మచ్చల సంగతి. రంగు మచ్చలైతే కన్సీలర్‌తో కప్పొచ్చు. ఎయిర్‌బ్రష్ చేసేవాళ్లు కూడా చాలామంది ముందు చేత్తోనే కన్సీలర్ అద్ది, దాని మీద స్ప్రే చేస్తారు. కళ్లు, పెదవుల పనీ ఎక్కువగా మామూలు బ్రష్‌లతోనే జరుగుతుంది. గుంటలు పడిన మచ్చలైతే ఏ పద్ధతిలోనూ పూడవు, వాటి కోసమని బేస్ మందంగా వేయనివ్వకండి, వెలుతురు పక్కనుంచి పడినప్పుడు ఇంకా తెలిసిపోతాయి. బుగ్గల మీద నూగు ఎక్కువగా ఉంటే తుంపర ఆ వెంట్రుకల మీద నిలబడిపోతుంది. అది తీయించుకోవాలనుకుంటే కొన్ని రోజుల ముందే తీయించుకోండి, ముందురోజు మాత్రం వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు స్ప్రే ఒప్పుకునే ముందు డాక్టర్‌ని అడగడం మంచిది.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ట్రయల్ గురించి, అంటే పెళ్లికి ముందు ఒకసారి వేయించుకుని చూసుకోవడం గురించి. వేయించుకుని అద్దంలో చూసి ఇంటికొచ్చి కడిగేసుకుంటే ట్రయల్ చేసినట్టు కాదు. నేను చేసిన తప్పు అదే. కనీసం ఆరు గంటలు ఉంచుకోండి. తినండి, నవ్వండి, ముక్కు తుడుచుకోండి, ఒక బుగ్గ మీద నాలుగు నీటి చుక్కలు వేసి ఏమవుతుందో చూడండి. ఎండలో ఒక ఫొటో, చీకట్లో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయించుకోండి. మేకప్ కదలకుండా పైన అద్దే కొన్ని సెట్టింగ్ పౌడర్లలో ఉండే సిలికా వల్ల ఫ్లాష్ పడగానే కళ్ల కింద తెల్లగా మెరుస్తుంది, మామూలు వెలుతురులో అది అసలు కనపడదు. మెడ, చెవుల రంగు ముఖంతో కలిసిందో లేదో కూడా ఆ ఫొటోలోనే తేలిపోతుంది.

ఇంకా మూడు వారాలుంది కాబట్టి ఈ రోజు నుంచే రెండు పూటలా మీకు అలవాటైన మాయిశ్చరైజర్ రాయండి. కొత్త క్రీములు, కొత్త ఫేషియల్స్ ఇప్పుడు మొదలుపెట్టొద్దు. ఆ రోజు కూడా మాయిశ్చరైజర్ రాశాక అది ఇంకేదాకా ఆగి అప్పుడు బేస్ వేయమనండి. తడి స్పాంజితో పల్చగా, అద్దుతూ వేయించుకోండి, పౌడర్ నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మాత్రం చాలు.

మామూలు మేకప్‌లో నాకు నచ్చేది, చెదిరినా సర్దుకోవచ్చు. మీకు వాడిన ఫౌండేషన్ కొంచెం చిన్న డబ్బాలో పెట్టి, ఒక స్పాంజితో సహా ఇచ్చి వెళ్లమని ఆర్టిస్ట్‌ని ముందే అడగండి. ఆ రోజంతా మీ పక్కనుండే అక్కో, స్నేహితురాలో ఎవరైతే వాళ్లని ట్రయల్‌కి తీసుకెళ్లి, కన్నీళ్లు పడితే తుడవకుండా ఎలా అద్దాలో ఆర్టిస్ట్ చేతే చూపించమనండి.