ఎక్స్‌రే గది బయట బెంచీ

చిన్నీ,

బైపీసీలో మంచి మార్కులొచ్చాయని అక్క ఫోన్లో చెబుతుంటే కళ్లు చెమర్చాయి. ఎంబీబీఎస్ సీటు రాలేదన్న దిగులు ఇక వదిలెయ్. రేడియాలజీలో డాక్టరు కావాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఆ పైన నీట్ పీజీ రాసి ఎండీ మూడేళ్లు. నువ్వు అడిగింది నా పని గురించి, ఎక్స్‌రేలు, స్కాన్‌లు తీసే టెక్నాలజిస్టు పని గురించి.

దీనికి బీఎస్సీ రేడియాలజీ అండ్ ఇమేజింగ్ టెక్నాలజీ చదవాలి. ఎక్కువ చోట్ల మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. చెన్నైలో ఏ కాలేజీ అయినా ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ కిందికి వస్తుందా, డీమ్డ్ యూనివర్సిటీదా అని ముందు తేల్చుకో. ఆరు నెలల సర్టిఫికెట్ ఇస్తామనే చోట మాత్రం ఒక్క రూపాయి కట్టొద్దు.

కాలేజీకి వెళ్తే ఎమ్మారై మిషన్ చూపించి మురిపిస్తారు. దాన్ని చూసి సీటు తీసుకోకు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద అరగంట కూర్చుని, ఎంతమంది పేషెంట్లు వస్తున్నారో చూడు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా మద్రాస్ మెడికల్ కాలేజీ ఉంది కదా, అక్కడి బార్నార్డ్ రేడియాలజీ ఇన్‌స్టిట్యూట్ 1934 నాటిది. అలాంటి రద్దీ ఉన్న చోట సీటొస్తే వదులుకోవద్దు. ఈ పని చేతికి రావాలంటే మనుషుల మీదే రావాలి. తుంటి విరిగిన ముసలాయన్ని తీసుకొస్తారు. పక్క నుంచి ఫిల్మ్ కావాలి, కానీ ఆ కాలు తిప్పకూడదు. బాగున్న కాలు పైకెత్తి ఆనించి, ఎక్స్‌రే ట్యూబ్ అడ్డంగా పెట్టి తీయాలి. పుస్తకంలో అది ఒక్క బొమ్మే. ఆయన మూలుగు వింటూ చెయ్యి వణకకుండా తీయడం పదిమందికి చేస్తే గానీ రాదు. తమిళం కూడా పట్టుకో. "మూచ్చు ఇళుత్తు పిడింగ" అని నిదానంగా చెప్తే గాలి పీల్చి బిగబడతారు, ఫిల్మ్ ఒక్కసారికే వస్తుంది, రెండోసారి రేడియేషన్ తప్పుతుంది.

అల్ట్రాసౌండ్ మీద ఆశ పెట్టుకున్నావని అక్క చెప్పింది. విదేశాల్లో టెక్నాలజిస్టులు చేస్తారు గానీ, మన దగ్గర 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం వల్ల అది అర్హత ఉన్న డాక్టర్లే చేయాలి. నీకు సీటీ, ఎమ్మారై ఉన్నాయి, వాటిలో నేర్చుకునేది బోలెడు.

టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు, ఒంటి మీద పడిన రేడియేషన్ లెక్క దానిదే. లెడ్ ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. కొత్తలో నేనొకసారి ఏప్రాన్‌తో పాటు దాన్నీ ఎక్స్‌రే గదిలోనే తగిలించి ఇంటికొచ్చాను. మూడు నెలల రీడింగ్‌లో డోసు ఎక్కువగా వచ్చింది. అది నా ఒంటిదో గోడదో తెలిసేదాకా పడిన టెన్షన్ నీకొద్దు. డ్యూటీ అవ్వగానే తీసి, గది బయట దాని చోట పెట్టు. బిడ్డలు పుట్టే వయసు ఆడవాళ్లెవరొచ్చినా, గర్భం ఉందేమో తెలియడానికి నెలసరి తేదీ అడక్కుండా స్విచ్ మీద చెయ్యి వెయ్యకు.

శనివారం పొద్దున్న బండికి రా. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. ఇద్దరం వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుందాం.

నీ పిన్ని