గోడౌన్‌లో దాక్కున్న లాభం

చిరంజీవి కిరణ్‌కి,

బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు మూల పదార్థం) తయారుచేసే కంపెనీలో ఫైనాన్స్ హెడ్‌గా చేరుతున్నావని అక్క చెప్పగానే సంతోషం పట్టలేకపోయాను. ఆఫీసు హైదరాబాద్‌లో, ప్లాంటు విశాఖ దగ్గర పరవాడలో అని వినగానే దిగులు మొదలైంది. ఇన్నాళ్లూ ఆడిట్‌లో అయిపోయిన సంవత్సరాల లెక్కలు తిరగేశావు. ఇప్పుడు నిన్ను అడిగేది రాబోయే మూడు నెలల సంగతి, అదీ ఆరువందల కిలోమీటర్ల అవతల నడిచే ప్లాంటు గురించి.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. నెల ముగిశాక ఐదో పనిదినానికి ఎంఐఎస్, అంటే యాజమాన్యానికిచ్చే నెలవారీ నివేదిక, బల్ల మీద ఉండాలి. పదమూడు వారాల నగదు అంచనా ప్రతి సోమవారం సరిచూసుకో. డాష్‌బోర్డులో ఏడెనిమిది అంకెలు చాలు. ఒక్కో అంకెకీ జవాబు చెప్పాల్సిన మనిషి పేరు పక్కనే ఉండాలి.

డాష్‌బోర్డు కోసం పవర్ బీఐ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొనేముందు ఐటమ్ మాస్టర్, అంటే సరుకుల కోడ్‌ల జాబితా, తెరిచి చూడు. డ్రమ్ముల్లో వచ్చిన టోలుయీన్ అనే సాల్వెంట్‌కి (కరిగించే ద్రవానికి) ఒక కోడ్, ట్యాంకర్‌లో వచ్చినదానికి ఇంకో కోడ్ ఉంటాయి. స్టోర్స్ వాళ్లు కిలోల్లో రాస్తారు, ప్రొడక్షన్ వాళ్లు లీటర్లలో. లీటరు టోలుయీన్ సుమారు 870 గ్రాములే తూగుతుంది. ఇది కలిపేస్తే 13 శాతం తేడా కనిపిస్తుంది, ఒక్క చుక్క కూడా పోకుండానే! వాడాక శుద్ధిచేసి రికవరీ చేసిన సాల్వెంట్‌కి మాత్రం వేరే కోడ్ ఉండి తీరాలి.

ఈల్డ్ దగ్గర కూడా జాగ్రత్త. వంద కిలోల ముడిసరుక్కి 80 కిలోలు రావాల్సింది 76 వస్తే “నాలుగే కదా” అంటారు. కిలో సరుక్కి పట్టే ముడిసరుకు 1.25 కిలోల నుంచి దాదాపు 1.32కి పెరిగింది. అంటే ముడిసరుకు ఖర్చు 5 శాతం పైనే పెరిగింది. ఆ తేడాని ధర, పరిమాణం, మిక్స్ (ఏ సరుకు ఎంత పాళ్లు) వల్ల ప్లాన్‌కీ అసలుకీ వచ్చే వేరియన్స్‌లతో కలిపేయకుండా విడిగా చూపించు.

ఇక అసలు సంగతి, ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం. ఫ్యాక్టరీలున్న కంపెనీలు ఎప్పటినుంచో చేస్తున్న పొరపాటు ప్లాంట్ హెడ్‌ని కిలో ఖర్చు మీద కొలవడం. చూడ్డానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. కాగితం తీసుకుని లెక్క వెయ్యి. స్థిర ఖర్చులు నెలకి 3 కోట్లు, మామూలు సామర్థ్యం 60 టన్నులు అనుకో. కిలోకి 500 రూపాయలు. ఈ నెల ఆర్డర్లు 45 టన్నులకే ఉన్నాయి. బుద్ధిగా అంతే చేస్తే, సరుకు మీదికి ఎక్కని 75 లక్షలు ఆ నెల ఖర్చులోనే రాయాలంటుంది సరుకు నిల్వల లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 2. లాభం తగ్గుతుంది, కిలో ఖర్చు పెరుగుతుంది, ప్లాంట్ హెడ్‌కి మొట్టికాయలు. అదే 60 టన్నులూ చేసి 15 టన్నులు గోడౌన్‌లో పెడితే ఆ 75 లక్షలూ క్లోజింగ్ స్టాక్‌లో కూర్చుంటాయి. అమ్మకం ఒక్క కిలో పెరగలేదు, లాభం 75 లక్షలు పెరిగింది. దొంగలెక్క ఎవరూ రాయలేదు. బోనస్ కూడా వస్తుంది.

మరి బ్యాంకు ఖాతా చూడు. ఆ 15 టన్నులకి ముడిసరుకు, సాల్వెంట్లు, స్టీమ్ కలిపి కిలోకి 1,500 అయినా రెండుంబావు కోట్లు చేయి దాటిపోయాయి. పది శాతం వడ్డీ వేసుకుంటే నెలకి దాదాపు 1.9 లక్షలు. సరుక్కి రీటెస్ట్ తేదీ (నాణ్యత మళ్లీ పరీక్షించాల్సిన రోజు) దగ్గరపడేకొద్దీ కొనేవాడు కొత్త బ్యాచే కావాలంటాడు, లేదా ధర తెగ్గోస్తాడు. పోనీ వచ్చే నెల ఉత్పత్తి తగ్గిద్దామంటే దాక్కున్న 75 లక్షలు బయటపడతాయి. అందుకని మళ్లీ ఎక్కువే చేస్తారు. చివరికి మార్చిలో సరుకు విలువ ఒక్కసారిగా తగ్గించి రాయాల్సి వస్తుంది, నీ సంతకంతో.

అందుకే ఎంఐఎస్‌లో లాభం కింద ఒక వరస చేర్చు: నెలలో పెరిగిన స్టాక్ కిలోలు ఇంటూ 500. అది తీసేశాక మిగిలే లాభమే ఎండీ ముందు పెట్టు. ప్లాంట్ హెడ్‌ని ఈల్డ్, సాల్వెంట్ రికవరీ, ప్లాన్ ప్రకారం డిస్పాచ్, మొత్తం స్థిర ఖర్చు రూపాయల్లో ఎంత అన్నవాటి మీద కొలువు. స్టాక్ రోజులు కూడా బోనస్‌లోకి రావాలి. దీన్ని ఏప్రిల్ టార్గెట్ల కాగితంలోనే రాయించు, మధ్యలో మారిస్తే ఎవరూ ఒప్పుకోరు. ప్లాంటు వాళ్ల మీద విరుచుకుపడకురా. ఆ కొలత వాళ్లకి పెట్టింది హెడ్డాఫీసే.

సేల్స్ వాళ్ల ఫోర్‌కాస్ట్ సంగతి. చిన్నప్పుడు లెక్క తప్పితే పలక తుడిచేసి “నేనలా రాయలేదు పిన్నీ” అనేవాడివి. ఆ ఫైలు మీద ఎవర్నీ ఆ పని చేయనివ్వకు నాన్నా. ప్రతి నెలా ఫోర్‌కాస్ట్‌ని తాళం వేసి దాచు, మూడు నెలలయ్యాక అసలు అమ్మకంతో పోల్చు. తప్పడం సహజం. ఒకే మనిషి ఆరు నెలలూ పైకే తప్పుతుంటే అతను టార్గెట్‌నే తిరిగి రాసిస్తున్నాడని అర్థం.

బ్యాంకుకి ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ దగ్గర మాత్రం నాకు నిజంగా భయం. గోడౌన్ నిండుగా ఉంటే డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు నుంచి తీసుకోగలిగే మొత్తం, పెరుగుతుంది, కదలని సరుకుని కూడా పూర్తి విలువకి చూపించమంటారు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్లు 5 కోట్లు దాటితే, బ్యాంకుకి మూడు నెలలకోసారి ఇచ్చిన స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో కారో 2020 (ఆడిట్ నివేదికల మీద కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు) కింద ఆడిటరు రాయాలి. నీకు తెలియందా! డబ్బు ఇరుకైందని చిన్న సప్లయర్ల బిల్లులూ ఆపకు. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ.

మూడు నెలలకోసారైనా నెలాఖరున పరవాడ వెళ్లి స్టాక్ లెక్కింపు దగ్గర నిలబడు. సాల్వెంట్ యార్డులోకి ఫోన్ తీసుకెళ్లకు, సేఫ్టీ షూస్ లేకుండా అడుగు పెట్టకు. ఈ ముక్క అక్కతో అనకు, నిద్రపోదు. గోడౌన్‌లో గోడ వైపు డ్రమ్ముల లేబుళ్లు ముందు చదువు, తయారీ తేదీలు నువ్వే రాసుకో. ఎదుటి వరసలో ఎప్పుడూ కొత్త సరుకే పెడతారు.

ఆశీస్సులతో,
పిన్ని