గనిలో గోదాము తీసుకునే ముందు

చి. రవికి, ఆశీస్సులు.

అమెరికాలోని కాన్సాస్ సిటీలో, సబ్‌ట్రోపోలిస్ అనే భూగర్భ గోదాముల సముదాయంలో, బియ్యం, పప్పులకు గోదాము చూస్తున్నావని తెలిసింది. మంచి ఎంపికే. సున్నపురాయి తవ్వేసిన ఆ గనిలోకి లారీ నేరుగా వెళ్తుంది. కాన్సాస్ రాష్ట్రంలోని హచిన్సన్ ఉప్పుగని గోదామైతే 650 అడుగుల లోతు, ప్రతి పెట్టే లిఫ్టులో దిగాలి. పాత ఫిల్ములకూ దస్తావేజులకూ అది బాగు, రోజూ తిరిగే సరుకుకు కాదు.

లోపల ఏడాదంతా 65–70 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. ఆ చల్లదనం గని ఇస్తుంది, తేమ సంగతి మాత్రం నువ్వే చూసుకోవాలి. జూలై, ఆగస్టుల్లో బయటి ఉక్క గాలి లోపలికొచ్చి చల్లటి రాతికీ నేలకూ తగిలితే, చన్నీళ్ళ చెంబుకు పట్టినట్టు చెమట పడుతుంది. అడుగు బస్తాలు ముక్కిపోయేది అందుకే. డాక్ తలుపు (లారీ సరుకు దించే తలుపు) బార్లా తీసి ఉంచితే ఎంత పెద్ద డీహ్యూమిడిఫైయరైనా (గాలిలో తేమ లాగే యంత్రం) చాలదు. లారీ వచ్చి తలుపుకు ఆనాకే తెరవండి, సరుకు దించగానే మూసెయ్యండి. తేమ మీటర్లు తలుపు దగ్గరొకటి, లోపలి మూల ఒకటి పెట్టు. 60 శాతం దాటనివ్వకు. బస్తాలు ప్యాలెట్ల మీదే, గోడకు 18 అంగుళాల ఎడంగా ఉండాలి. ఆ సందులోంచే ఎలుకలూ పురుగూ కంటపడతాయి. ఈ చల్లదనానికి పురుగు మందగిస్తుందే గానీ చావదు కనుక ముందొచ్చిన సరుకే ముందు పోవాలి.

రాతి స్తంభాలు 25 అడుగుల చదరం, నడుమ సుమారు 40 అడుగులు. అద్దె లెక్కలో స్తంభాల చోటు కూడా కలిపారా అని తప్పక అడుగు. కప్పు 16 అడుగులని మురిసిపోకు. కప్పుకుండే స్ప్రింక్లర్ (మంటలార్పే నీటి జల్లు) నుంచి కిందికి 18 అంగుళాలు వదిలాకే నీ ర్యాక్ ఎత్తు.

పన్నీరుకు చల్లగది కట్టిస్తే తొందరపడకు. రాయి చల్లబడటానికి నెలలు పట్టవచ్చు. చల్లబడ్డాక మాత్రం కరెంటు పోయినా చల్లదనం చాలాసేపు నిలుస్తుంది.

ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీదే కొను. గ్యాసుదైతే కార్బన్ మోనాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. బ్యాటరీలు ఛార్జయ్యే చోట గాలి ఆడాలి, లెడ్-యాసిడ్ రకమైతే అక్కడ మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. వైఫై రాతి స్తంభాల వెనక అందకపోవచ్చు. కరెంటు పోతే కటిక చీకటి, ఎమర్జెన్సీ దీపాలు నెలనెలా వెలిగించి చూడు. కప్పు నుంచి పెచ్చులు రాలినా, కొత్తగా నీటి చుక్కలు పడినా యాజమాన్యానికి వెంటనే చెప్పు. నువ్వు మాత్రం కప్పుకు రంధ్రం వెయ్యకు.

గదిని ఆగస్టు మధ్యాహ్నం వెళ్ళి, నేల చేత్తో తడిమి చూడు. జనవరిలో చూస్తే అన్నీ పొడిగానే కనిపిస్తాయి.

బాబాయి