రోజూ వేసుకోవడానికి ఎలాంటి కృపాణ్ తీసుకోవాలి?

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతే.

వచ్చే వైశాఖికి అమృతం తీసుకోబోతున్నానని, అంటే ఖాల్సా దీక్ష పుచ్చుకోబోతున్నానని, ఆఫీసుకు బైకు మీద వెళ్తానని, దీక్ష తీసుకున్న సిక్కులు ధరించే కత్తి, అదే కృపాణ్, ఎంత పొడవుది కొనాలో, సర్బ్‌లోహ్ (కల్తీలేని ఇనుము) మంచిదో స్టీలు మంచిదో తేలడం లేదని రాశారు. చదివి చాలా సంతోషమనిపించింది. నేను హైదరాబాద్ దక్కనీ సిక్కును, మాది అత్తాపూర్ దగ్గరి సిక్ ఛావనీ. అమృతం తీసుకుని పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడు నా ఒంటి మీద ఉన్నది మూడో కృపాణ్. మొదటి రెండూ ఎందుకు కుదరలేదో చెప్తాను, మీ టెన్షన్ కొంత తగ్గుతుంది.

మొదటిది నాందేడ్‌లో కొన్నాను. అక్కడి హజూర్ సాహిబ్ గురుద్వారాలో సాయంత్రం శస్త్రాల దర్శనం చేసుకుని, ఆ ఉత్సాహంలోనే బయట బజారుకు వెళ్లి, పన్నెండు అంగుళాల అలుగు, ఇత్తడి పిడి, ఎర్ర మఖ్మల్ ఒర ఉన్నది ఏరికోరి తెచ్చుకున్నాను. ఎంత ముచ్చటగా ఉండేదో! కానీ బైకు ఎక్కితే ఒర చివర సీటుకు తగిలి, పిడి పక్కటెముకల్లో పొడిచేది. ఆఫీసులో కుర్చీ చేతికి చిక్కుకునేది. నెల తిరక్కుండానే, ఇంటికి రాగానే తీసి గూట్లో పెట్టడం అలవాటైపోయింది. ఒకరోజు మా నానమ్మ చూసి, "తీసి పెట్టేదానికి కట్టుకోవడం ఎందుకురా?" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కేశ్ (కత్తిరించని జుట్టు), కంఘా (దువ్వెన), కడా (కంకణం), కఛేరా (లోదుస్తు) లాగే కృపాణ్ కూడా కకార్, అంటే మనం విడవకూడని అయిదు గుర్తుల్లో ఒకటి. ఒంటి మీద నుంచి దిగకూడదు. కాబట్టి కొనేముందు మీరు చూసుకోవాల్సింది ఇదే: దీంతో పడుకోగలనా? స్నానం చేయగలనా? ట్రాఫిక్‌లో గంటసేపు కూర్చోగలనా?

సిక్కుల ఆచార నియమావళి సిక్ రెహత్ మర్యాదలో ఇంత పొడవే ఉండాలన్న నియమం లేదు. మీ పనికి ఆరంగుళాల అలుగు సరిపోతుందని నా అభిప్రాయం. దుకాణంలో "ఆరంగుళాలు" అంటే కొందరు అలుగు లెక్క చెప్తారు, కొందరు పిడితో కలిపి చెప్తారు. స్కేలు తీసుకెళ్లి మీరే కొలవండి. మన దేశంలో దేశీయ విమానాల్లో సిక్కులు కృపాణ్‌తో ప్రయాణించవచ్చు, కానీ అలుగు 6 అంగుళాలు, మొత్తం 9 అంగుళాలు దాటకూడదు. నా రెండో కృపాణ్ అలుగు ఎనిమిది అంగుళాలు. ఢిల్లీలో పెళ్లికి బయలుదేరితే సెక్యూరిటీ దగ్గర ఆపేశారు. వెనక్కి వెళ్లి చెక్-ఇన్ బ్యాగులో వేయాల్సి వచ్చింది. ప్రయాణమంతా భుజం బోసిగా అనిపించింది. విదేశీ ప్రయాణమైతే మాత్రం ముందే బ్యాగులో వేయక తప్పదు.

ఆ రెండోది సర్బ్‌లోహ్. అమృతం తయారయ్యేదే సర్బ్‌లోహ్ బాటాలో (గిన్నెలో) కాబట్టి దానిమీద నాకు ప్రాణం. అయితే ఇనుము చెమటకు, వాన నీళ్లకు తట్టుకోదు. మొదటి వానాకాలంలోనే అలుగు మీద తుప్పు మచ్చలు, తెల్ల కుర్తా మీద ఎర్ర మరక. వారం వారం తుడిచి నూనె రాసే ఓపిక ఉంటే సర్బ్‌లోహే తీసుకోండి, కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. స్నానంలోనూ తీయకుండా, కొందరిలా పట్టీతో సహా తలకు చుట్టుకునేవాళ్లయితే స్టెయిన్‌లెస్ స్టీలు మేలు. నేను ఇప్పుడు వేసుకునేది అదే. దానివల్ల భక్తి తగ్గిందని నాకెప్పుడూ అనిపించలేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒర బిగువు చూడండి. ఆ సర్బ్‌లోహ్‌దానికి ఒర వదులైంది. రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అని వాయిదా వేశాను. ఒక ఆదివారం గురుద్వారాలో మత్థా టేకడానికి (నుదురు నేలకు ఆనించి మొక్కడానికి) వంగితే అలుగు జారి కింద పడింది. పక్కనే చిన్నపిల్ల కూర్చుని ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. ఎవరికో అండగా నిలవడానికి ధరించేది ఒక పసిపిల్లకు ప్రమాదం కాబోయింది. కొనేటప్పుడు ఒరను తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించండి. అలుగు వెంట్రుకంత జారినా వద్దనండి. పిడి కూడా కదిపి చూడండి. అలుగు ఇనుము పిడిలోపల చివరిదాకా వెళ్లినదైతే ఏళ్లు గడిచినా ఊగదు.

గాత్రా, అంటే కృపాణ్ వేలాడే భుజం పట్టీ, నూలుదే తీసుకోండి. తోలుది చెమటకు వాసన వస్తుంది, ఉతకడానికి ఉండదు. నూలువి రెండు ఉంచుకుంటే మార్చి మార్చి ఉతుక్కోవచ్చు. కుడి భుజం మీదుగా వేసుకుంటే కృపాణ్ ఎడమవైపు వేలాడుతుంది. చొక్కా లోపల వేసుకునేట్టయితే మఖ్మల్ లేని పలచటి ఒర నయం.

ఆఫీసులో ఎవరైనా అడిగితే ఓపికగా చెప్పండి. రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే కృపాణ్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమని ఉంది. నన్ను అడిగినవాళ్లలో చాలామందికి నిజంగా తెలుసుకోవాలనే ఉండేది.

అమృత్ సంచార్‌కు (అమృతం ఇచ్చే దీక్షా కార్యక్రమానికి) అయిదు కకార్లతోనే వెళ్లాలి కాబట్టి రెండు మూడు వారాల ముందే కొనేయండి. వేసుకుని బైకు మీద ఆఫీసుకు వెళ్లి రండి, ఒక రాత్రి పడుకుని చూడండి. ఎక్కడైనా ఒరుసుకుంటే వెంటనే మార్చేయకుండా గాత్రాను రెండంగుళాలు పైకి బిగించండి. నా మూడోది అలాగే సర్దుకుంది.