డాక్టర్ సలహా: తలలో కణితి ఆపరేషన్ తర్వాత ఇంత కోపమెందుకు?

ప్రశ్న: మా ఆయనకు 47 ఏళ్లు. ఊళ్లో కిరాణా కొట్టు నడిపేవారు. ఐదు నెలల కింద తలలో కణితికి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కుడివైపు ముందు భాగంలో ఉందని, గ్రేడ్ 4 అని రాశారు. 30 సార్లు కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు నెలకు 5 రోజులు గోళీలు. ఫిట్స్‌కు, వాపుకు కూడా మందులున్నాయి. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి ఇప్పుడు కంచం విసిరేస్తున్నారు. రాత్రి రెండింటికి లేచి అన్నం పెట్టమంటారు. నేను సరిగా చూసుకోక ఇట్లయిందని అత్తమ్మ, గాలి సోకిందని చుట్టాలు అంటున్నారు. నాకు నిద్ర లేదు. ఏం చేయాలి?
- ఓ సోదరి, వరంగల్ జిల్లా

జవాబు: గాలీ కాదమ్మా, మీ చూసుకోవడంలో లోపమూ కాదు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకునే శక్తి మెదడు ముందు భాగం నుంచే వస్తుంది. కణితి, ఆపరేషన్ రెండూ అక్కడే కదా. పైగా వాపుకు ఎక్కువగా ఇచ్చేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. దానితో ఆకలి, చిరాకు పెరుగుతాయి, నిద్ర పోతుంది. రెండింటికి అన్నం అడగడం చదవగానే నాకు ముందు ఇదే గుర్తొచ్చింది. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటమ్ కూడా కొందరిలో కోపం పెంచుతుంది. చీటీలో ఈ రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి. ఉంటే డోసు తగ్గించవచ్చా, స్టెరాయిడ్ పొద్దున పూటే ఇవ్వవచ్చా, ఫిట్స్ మందు మార్చవచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి. షుగర్ కూడా చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపొద్దు, ప్రమాదం.

ఏ రోజు, ఏ టైముకు, ఏం జరిగిందో ఓ నోటుబుక్కులో రాయండి. ఓపీలో ఆయన బుద్ధిగా కూర్చుంటారు, డాక్టర్‌కు ఇంటి సంగతి తెలియదు. ఈసారి మీ అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. స్కాన్‌లో ఆ చోటు డాక్టరే ఆమెకు చూపించాలి. మీరు వంద సార్లు చెప్పినా రాని నమ్మకం ఆ ఒక్క ఫిల్ముతో రావచ్చు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. తాళాలగుత్తి, ఉల్లిగడ్డ వెతుకుతూ టైం పోగొట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటితే 108. బండి తాళం ఆయనకు అందకుండా దాచండి. జ్వరం వచ్చినా, తలనొప్పితో వాంతులైనా, మగతగా ఉన్నా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ సంగతి. ఎవరైనా "ఏమన్న సాయం కావాల్నా" అంటే వద్దనకండి. వారంలో రెండు రాత్రులు మరిదినో ఆడబిడ్డనో కాపలా ఉండమనండి, ఆ రాత్రులు మీరు వేరే గదిలో పడుకోండి. మనసు మరీ బరువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే వైద్యం) గురించి వాకబు చేయండి. అది చివరి రోజులకే అనుకుంటారు గానీ, నొప్పి, నిద్ర, ఇంట్లో వాళ్ల అలసట అన్నీ వాళ్లు చూసే విషయాలే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏమేం వర్తిస్తాయో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. వైద్యం చేసే ఆసుపత్రి రైల్వే ఫారంలో సంతకం చేసి ఇస్తే, స్లీపర్‌లో క్యాన్సర్ పేషెంటుకు టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు.

గ్రేడ్ 4 అని రాశారు గానీ, ముందు ముందు ఎట్లా అని మీరు అడగలేదు. అడగబుద్ధి కాకపోవడం నాకు అర్థమవుతుంది. తిరగబెట్టే గుణం ఉన్న జబ్బే ఇది. సిద్ధమైనప్పుడు ఆ మాట మీ డాక్టర్‌తోనే ఎదురుగా కూర్చొని మాట్లాడండి. ఈలోపు పొద్దున ఆయన నెమ్మదిగా ఉండే వేళ చూసి, కొట్టు ఉద్దెర పుస్తకం ముందు పెట్టండి. ఎవరు ఎంత ఇవ్వాలో, బ్యాంకు కాగితాలు ఎక్కడున్నాయో ఆయన్నే చెప్పమని, మీరు రాసుకోండి. రోజూ అరగంట చాలు. అలసిపోతే అక్కడికి ఆపేసి, మిగిలింది మర్నాడు.