మధ్యయుగ చరిత్ర చదువుకు ఫ్లాటు తనఖా పెట్టవచ్చా?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాము. నాలుగేళ్లలో పదవీ విరమణ చేస్తాను. డిగ్రీ పూర్తిచేసిన మా అమ్మాయి బ్రిటన్‌లో మధ్యయుగ ఐరోపా సంస్కృతులపై ఏడాది ఎంఏ చేస్తానంటోంది. ఖర్చు 35 లక్షలు. డిపాజిట్లు పది లక్షలున్నాయి. మిగిలిన 25 లక్షలకు మధురవాడ ఫ్లాటు తనఖా పెట్టవచ్చా?

సమాధానం: సింహాచలం గోడల మీద మధ్యయుగ రాజులైన తూర్పు గాంగుల శాసనాలున్న ఊరి అమ్మాయికి మధ్యయుగాలపై మనసు పోవడం వింతేమీ కాదు. నా అభ్యంతరమల్లా అప్పు పరిమాణం మీదే. వడ్డీ 10.5 శాతం అనుకుంటే, చదివే ఏడాదికీ, ఆ తర్వాతి మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని) ఏడాదికీ కలిపి సాధారణ వడ్డీయే 5.25 లక్షలవుతుంది, దానిని అసలుకు చేర్చి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు సుమారు 40,800 రూపాయలు పడుతుంది. మన దేశంలో ఇదే రంగంలో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్) తెచ్చుకున్నవారికి తొలి రెండేళ్లు అందే ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం కాకుండా, 37,000 రూపాయలు. అంటే అమ్మాయి అంతటి ఫలితం సాధించినా ఆ సొమ్ము వాయిదాకు చాలదు. పైగా పదేళ్ల వాయిదాలలో ఎనిమిదేళ్లవి మీ విరమణ తరువాతే వస్తాయి. కాబట్టి ఫ్లాటు తనఖా పెట్టవద్దు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో చరిత్ర ఎంఏ చేస్తూ, ఆ రెండేళ్లలో మధ్యయుగ ఐరోపా చదువుకు అవసరమైన లాటిన్ మొదలుపెట్టి, తరువాత ఫెలోషిప్ ఇచ్చే పీహెచ్‌డీకి విదేశాలలో దరఖాస్తు చేయడం నా దృష్టిలో మెరుగైన దారి. ఐరోపాకు ఇప్పుడే వెళ్లాలంటే జర్మనీని పరిశీలించండి. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులకు సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంటుంది. వీసా కోసం బ్లాక్‌డ్ ఖాతాలో చూపవలసిన 11,904 యూరోలు ఫీజు కాదు, అమ్మాయి ఏడాది ఖర్చులకు నెలనెలా తిరిగి చేతికొచ్చే సొమ్ము.

ఏ దేశమైనా విద్యారుణం పది లక్షలు దాటనివ్వకండి, చదువుతున్నప్పుడే వడ్డీ కట్టేయండి. అలా కట్టినవారికి కొన్ని బ్యాంకులు వడ్డీరేటు కొంత తగ్గిస్తాయి. రుణం మీ పేరున ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, ఆదాయపు పన్నులో ఆ వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు దొరుకుతుంది. కొత్త విధానంలో అది లేదు. డిపాజిట్లలో కనీసం మూడు లక్షలు ఇంటి అవసరాలకు కదపకుండా ఉంచి, మిగిలినదాన్నే బ్యాంకు అడిగే మార్జిన్ సొమ్ముగా (ఖర్చులో మీరు సొంతంగా పెట్టుకోవలసిన వాటాగా) చూపండి.